పాట్రిక్ గెడ్డీస్ - పేటలలో తోటలు

ఇంటి ముంగిట తులసికోట యుండుట మనకు క్రొత్తగాదు. ఉదయముననే ఇల్లాలు దాని చుట్టును ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, మొక్కకు నీరు పోయును. ఇల్లెంత చిన్నదైనను, ఆ జానెడు చోటు మాత్రము నిత్యము శుభ్రముగ నుండును. ఒక చిన్న మొక్క మనుష్యులచేత ఇంత పని చేయించుచున్నదని మనము సాధారణముగ తలపము. ఈ సంగతిని గుర్తించి, ప్లేగువ్యాధిచే తల్లడిల్లుచున్న యొక నగరమున దీపావళి యూరేగింపులో జనులకు లెక్కకు మిక్కిలిగ తులసిమొక్కలను పంచిపెట్టించిన మహనీయుడు మన దేశమువాడు కాడు. ఆయన స్కాట్లండు దేశీయుడు; వృక్షశాస్త్ర పండితుడు; పేరు పాట్రిక్ గెడ్డీస్.

గాంధీమహాత్ముడు జన్మించిన అక్టోబరు రెండవ తేదియే గెడ్డీసు జన్మదినము కూడ. సంవత్సరము మాత్రము పదునైదేండ్లు ముందు, అనగా 1854. స్కాట్లండులో కొండల నడుమ నున్న బాలటర్ అను చిన్న యూరు ఆయన జన్మస్థలము. తండ్రి అలెగ్జాండరు సేనలో సామాన్యభటుడుగ చేరి, క్రమముగ అధికారి పదవి నందినవాడు. గెడ్డీసు పసివాడుగ నున్నప్పుడే ఆ కుటుంబము పెర్తు పట్టణ సమీపమున కొండవాలుపై నున్న యొక చిన్న యింటికి చేరెను. ఇంటిని అంటి తోట యుండెను. తండ్రి స్వయముగ పార పట్టి నేల త్రవ్వి, కూరగాయలను పూలమొక్కలను పెంచుచుండెను. బాలుడు ఆయన వెనుక వెనుకనే తిరుగుచు, విత్తనము నాటుట, కలుపు తీయుట, కాలమెరిగి నీరు పోయుట నేర్చెను. తీరిక దొరికినప్పుడెల్ల తండ్రికొడుకులు కొండలెక్కి, ఆ పైనుండి ఏటిని, పొలములను, పట్టణమును చూచుచుండెడివారు. తనకు మొదటి బడి ఆ తోటయే యని గెడ్డీసు ముసలితనమున కూడ కృతజ్ఞతతో చెప్పుకొనెను.

పాఠశాల చదువు ముగిసిన పిమ్మట, తండ్రి కోరికపై, ఆయన ఒక బ్యాంకులో ఏడాదిన్నర పని నేర్చెను. ఆ లెక్కల పుస్తకములపై ఆయన మనసు నిలువలేదు. తరువాతి కాలమున కూడ డబ్బులెక్కలు ఆయనకు అచ్చిరాలేదు. ఆ సంగతి ముందు చూతము. పిదప వృక్షశాస్త్రము చదువుటకై ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను గాని, అచ్చటి బోధన రుచింపక, వారము దినములకే విడిచి వచ్చెను. 1874 లో లండను చేరి, హక్స్లీ అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుని యొద్ద శిష్యుడయ్యెను. లండనులో నున్న కాలముననే డార్విను మహాశయుని దర్శనము కూడ ఆయనకు లభించెను. యువకుని చూపు చురుకైనది; చేయి నేర్పుగలది. సూక్ష్మదర్శినిలో జీవకణములను పరీక్షించుచు జీవితమంతయు గడపగలనని ఆయన తలంచెను.

విధి మరియొక విధముగ నుండెను. 1879 లో శాస్త్రసామగ్రిని సేకరించుటకై మెక్సికో దేశమునకు పోయినప్పుడు ఆయన కన్నులకు జబ్బు చేసి, చూపు తగ్గెను. వైద్యులు ఆయనను చీకటిగదిలో నుంచిరి. వారములు గడచినవి. ఇరువదియైదేండ్ల యువకుడు, కన్నులే ఆధారముగ పనిచేయువాడు, ఆ చీకటిలో నెంత కుమిలెనో మనము ఊహించుకొనవచ్చును. ఆ గదిలోని కిటికీ చట్రమును చేతితో తడవుచు, దాని గడులలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క విషయమును కేటాయించి, లోకమునందలి విషయములకు ఒకదానితో ఒకదానికి గల సంబంధమును గూర్చి ఆయన ఆలోచించెను. కొంతకాలమునకు చూపు తిరిగి వచ్చెను గాని, సూక్ష్మదర్శినితో దీర్ఘకాలము పనిచేయు శక్తి పోయెను. అదివరకు కణములను చూచిన కన్నులు అటుపిమ్మట మనుష్యులను, వారు కాపురముండు వీథులను చూడసాగినవి.

1880 లో ఆయన ఎడింబరోలో వృక్షశాస్త్రము బోధించుటకు చేరెను. ఆ నగరము రెండు భాగములుగ నుండెను. పదునెనిమిదవ శతాబ్దమున ధనవంతులు క్రొత్తపేటను నిర్మించుకొని, విశాలమైన వీథులలోనికి తరలిపోయిరి. కోటకు దిగువనున్న పాతపేట బీదలకు మిగిలెను. అచ్చటి యిండ్లు ఎన్నో అంతస్తులు గలవి. వాని నడుమ సందులు మిక్కిలి యిరుకైనవి. సూర్యరశ్మి నేలకు దిగుట అరుదు. ఒకప్పుడు ప్రభువులు నివసించిన గదిలో ఇప్పుడొక కుటుంబమంతయు కాపురముండెను. గోడలు మసిబారినవి. పెరట చెత్త పేరుకొనెను. ఒకే మెట్లమీద ఎక్కి దిగువారు సయితము ఒకరినొకరు పలుకరించుకొనని దుఃస్థితి యేర్పడెను. దయగల ధనికులు అప్పుడప్పుడు వచ్చి ఉపన్యాసములిచ్చి, క్రొత్తపేటలోని తమ యిండ్లకు మరలిపోవుచుండిరి.

గెడ్డీసు అట్లు చేయలేదు. 1886 లో ఆయనకు ఆనా మార్టను అను విదుషీమణితో వివాహమయ్యెను. ఆమె లివర్పూలులోని యొక వర్తకుని కుమార్తె, సంగీతము నేర్చినది. నూతన దంపతులు సుఖవంతమైన నివాసమును వదలి, పాతపేటలో జేమ్సు కోర్టు అను ఇరుకు ప్రాంగణమునకు కాపురము మార్చిరి. బంధుమిత్రులు ఇది వెర్రి యనుకొనిరనుటలో ఆశ్చర్యమేమి! ఆనాదేవి ధైర్యమును ఇచ్చట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. సంఘసేవ చేయువారి జీవితచరిత్రలు వ్రాయువారు వారి ఇల్లాండ్రను ఒక వాక్యముతో సరిపెట్టుదురు. కాని ఆ మురికి ప్రాంగణమున సంసారము నడపి, 1887 లో తొలిబిడ్డను పెంచుటకు పూనుకొని, అతిథులను ఆదరించి, భర్త చేసిన అప్పుల లెక్కలు చూచినది ఆమెయే.

వారక్కడ మొదట చేసిన పని చాల చిన్నది. తమ గదులను కడిగి, గోడలకు వెల్లవేసి, రంగులు పూసిరి. కిటికీల యొద్ద కొయ్యపెట్టెలలో మన్నునింపి పూలమొక్కలను నాటిరి. పిదప గెడ్డీసు పై చొక్కా విప్పి, చీపురును పారను పట్టుకొని, అందరికిని చెందిన ముంగిలిని శుభ్రము చేయసాగెను. పండితుడు చెత్త యెత్తుచుండగా ఇరుగుపొరుగువారు మొదట వింతగ చూచిరి. క్రమముగ ఒకరిద్దరు తోడువచ్చిరి. ఎదురింటి కిటికీలో ఒక పూలపెట్టె వెలసెను; తరువాత దాని పొరుగున మరియొకటి. మొక్కకు నీరు పోయుటకు కిటికీ తెరచిన ఇల్లాలు ఎదుటి కిటికీలోని ఇల్లాలితో రెండు మాటలు పలుకక తప్పదు గదా! పలుకరింపు లేని చోట పలుకరింపు పుట్టెను. గెడ్డీసు కోరినది ముఖ్యముగ ఇదియే. పువ్వులు అందమునకు మాత్రమే కావని, మనుష్యులు కలిసి పనిచేయుటకు అవి మిషయని ఆయన నమ్మెను.

ఈ నమ్మకమునకు మూలము ఆయన శాస్త్రములోనే యున్నది. ఆ రోజులలో జీవులన్నియు ఒకదానితో ఒకటి పోరాడి బ్రదుకుచున్నవను మాట పండితులలో బహుళముగ వ్యాపించి యుండెను. గెడ్డీసు పోరాటము లేదని చెప్పలేదు గాని, తల్లి బిడ్డను సాకుటయందును, తేనెటీగయు పువ్వును పరస్పరము తోడ్పడుటయందును గల సహకారము అంతకంటె బలవత్తరమని వాదించెను. తన శిష్యుడగు ఆర్థరు థామ్సనుతో కలిసి 1889 లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఈ యభిప్రాయమునే ప్రతిపాదించెను. గ్రంథమున వ్రాసిన దానిని సందులో చేసి చూపవలెనని ఆయన పట్టుదల.

1887 లో ఆయన పాతపేటలో విద్యార్థులకు ఒక వసతిగృహమును స్థాపించి, దాని పరిపాలనమును విద్యార్థులకే వదలెను. శిథిలమైన ఇండ్లు కొన్నింటిని కొని, బాగుచేయించి, బీదలును పండితులును ఒకే పేటలో నివసించునట్లు చేయ యత్నించెను. డబ్బు అప్పు తెచ్చుచు, మరల ఆ యింటిని తాకట్టు పెట్టి మరియొక ఇల్లు కొనుచు పోయెను. తుదకు మిత్రులు కలిసి ఆ యిండ్ల వ్యవహారమును ఒక సంస్థకప్పగించి, ఆయనను చిక్కులనుండి తప్పించిరి. ఎడింబరోలో ఆశించిన ఆచార్యపదవి లభింపలేదు. 1888 లో డండీ నగరమున వృక్షశాస్త్రాచార్యుడయ్యెను. వేసవి నెలలలో మాత్రమే బోధించి, తక్కిన కాలమును తన యితర కార్యములకు వినియోగించుకొనుటకు ఆ యుద్యోగము వీలు కల్పించెను. ముప్పది యేండ్లకు పైగా, అనగా 1919 వరకు, ఆయన ఆ పదవిలో నుండెను.

1892 లో ఆయన కోట సమీపమున నున్న యొక ఎత్తయిన గోపురమును కొని, దానిని ప్రదర్శనశాలగ మార్చెను. పైయంతస్తున నిలిచిన వారికి నగరమంతయు కనబడును. క్రింది యంతస్తులలో నగరమును, దేశమును, ఖండమును, ప్రపంచమును గూర్చిన పటములు వరుసగ నుండెను. ముందు నీ వీథిని చూడుము, పిదప లోకమును తెలిసికొనుము అను పద్ధతి అది. ఈ గోపురమును ఆశ్రయించియే పాతపేట తోటల పని పెద్దదయ్యెను. గెడ్డీసు మిత్రులును, ఆయన పెద్దకుమార్తె నోరాయును పాతపేటలోని ఖాళీస్థలముల నన్నింటిని లెక్కించిరి. పాత యిండ్లను కూల్చిన చోట్లు, గోడల నడుమ మిగిలిన మూలలు, చెత్తకుప్పలు పేరుకొన్న వాలు నేలలు మొదలగునవన్నియు కలిపి డెబ్బదికి పైగా లెక్కకు వచ్చెను. వాని విస్తీర్ణము సుమారు పది యెకరములు. నేలయే లేదనుకొన్న పేటలో పది యెకరముల నేల చెత్తక్రింద దాగియున్నదన్న మాట!

స్థలము సంపాదించుట సులభము కాదు. ఒక్కొక్క మూలకు ఒక్కొక్క యజమాని. ఆతని యనుమతి పొందవలెను, రాళ్లురప్పలు ఎత్తివేయవలెను, మన్ను మోసి తేవలెను. జేమ్సు కోర్టులో జన్మించిన ఆ తొలిబిడ్డ నోరాయే ఇప్పుడు తోటల నమూనాలు గీయుచు, మొక్కలను ఎన్నుకొనుచు, ఆ పనిలో తలమునుకలయ్యెను. పేటలోని బాలబాలికలు త్రవ్వుటకును నాటుటకును వచ్చిరి. అంతవరకు రాతిపలకలపై తప్ప ఆడుకొన నెరుగని పిల్లలకు విత్తనము మొలకెత్తుట కన్నులార చూచుట పండుగయే. కొన్ని సంవత్సరములలో సుమారు పది తోటలు వెలసెను. తల్లులు బిడ్డలతో వచ్చి అచ్చట కూర్చుండి మాట్లాడుకొనిరి. మిగిలిన అరువది స్థలముల మాటయేమని అడుగవచ్చును. అవి చాలవరకు అట్లే యుండెను. గెడ్డీసు ప్రారంభించిన పనులలో సగమైనను పూర్తికాలేదనుట నిజము. 1904 లో డన్ఫర్మ్లిన్ అను పట్టణమునకు ఉద్యానములతో కూడిన గొప్ప ప్రణాళికను వ్రాసి యిచ్చెను. కోరినవారే దానిని స్వీకరింపరైరి. మాటలాడ మొదలిడినచో ఆయన ఆపడు. వినువారికి ఊపిరి సలుపదు. ఒక పనిలో నుండగనే మరియొక పనికి పరుగెత్తును. ఈ లోపములు ఆయన మిత్రులందరికిని తెలియును. అయినను వారెవ్వరును ఆయనను విడువలేదు.

1914 లో మద్రాసు గవర్నరైన పెంట్లండు ప్రభువు ఆయనను మన దేశమునకు ఆహ్వానించెను. గెడ్డీసు అప్పటికి అరువదియేండ్ల వాడు. కుమారుడు అలాస్టరును వెంటబెట్టుకొని బయలుదేరెను. నగరనిర్మాణమును గూర్చి యేండ్ల తరబడి సేకరించిన పటములు, నమూనాలు వేరొక ఓడలో పంపబడెను. ప్రథమ ప్రపంచసంగ్రామము అప్పుడే ప్రారంభమయ్యెను. మద్రాసుపై గుండ్లు కురిపించి మన తాతలకు పేరు మరపురాకుండ చేసిన ఎమ్డెను అను జర్మను నౌకయే ఆ ఓడను ముంచివేసెను. జీవితకాలపు శ్రమ సముద్రము పాలయ్యెను. గెడ్డీసు క్రుంగిపోలేదు. స్వదేశములోని మిత్రులు త్వరత్వరగ మరియొక ప్రదర్శనమును కూర్చి పంపగా, 1915 ప్రారంభమున మద్రాసులో దానిని ప్రదర్శించెను.

అటుపిమ్మట ఆయన మద్రాసు రాజధానిలోని పట్టణములను, పిదప లక్నో, బరోడా, లాహోరు, బలరాంపూరు మున్నగు నగరములను కాలినడకన తిరిగి చూచెను. తెల్లవారక మునుపే లేచి, పటమును చేతబట్టుకొని, సందుసందునను ప్రవేశించుట ఆయన యలవాటు. ఆ కాలపు ఇంజనీర్లకు ఇరుకువీథిని చూచినంతనే అడ్డమువచ్చిన ఇండ్లన్నింటిని పడగొట్టి సూటిగ రాజమార్గము వేయుట యొక్కటే తెలిసిన వైద్యము. ఇండ్లు పోయిన బీదవారెక్కడికి పోవుదురని వారు చింతింపరు. గెడ్డీసు ఈ పద్ధతిని గట్టిగ నిరసించెను. పాడుపడిన యిల్లు ఒకటి తీసివేసినచో కొంత ఖాళీ యేర్పడును. అచ్చట ఒక చెట్టు నాటి, చుట్టును అరుగు కట్టినచో వీథివారు సాయంకాలము కూర్చుందురు. కూర్చున్నవారే ఆ చోటును కాపాడుకొందురు. మన గ్రామములలోని రచ్చబండ యిదియే గదా! మన పెద్దలు రావిచెట్టు క్రింద అరుగు కట్టుటలో గల వివేకమును పరదేశియైన ఆయన మన ఇంజనీర్ల కంటె ముందుగ గ్రహించెను. తంజావూరులో ఇట్టి పద్ధతిచే, పడగొట్టు పథకమునకగు వ్యయములో కొలదిభాగముతోనే పేటను బాగుచేయవచ్చునని లెక్కలు కట్టి చూపెను. చెరువులను పూడ్చివేయవలదని, శుభ్రపరచి నిలుపుకొనవలెనని పలుచోట్ల హెచ్చరించెను. ఇంటి ముంగిటి తులసికోటను చూచి ఆయన ముగ్ధుడయ్యెను.

1917 వ సంవత్సరము ఆయనకు పిడుగుపాటుగ వచ్చెను. కుమారుడు అలాస్టరు సేనలో చేరి ఫ్రాన్సు యుద్ధభూమిలో నుండెను. ఏప్రిలు మాసమున ఆతడు ఫిరంగిగుండునకు బలియయ్యెను. ఆ వార్త వచ్చునప్పటికి ఆనాదేవి భారతదేశముననే తీవ్రజ్వరముతో మంచము పట్టి యుండెను. గెడ్డీసు ఆ దుర్వార్తను ఆమెకు చెప్పజాలకపోయెను. కుమారుడు పూర్వము వ్రాసిన ఉత్తరములను, ఆతడు బ్రదికియున్నట్లే, ఆమె మంచము ప్రక్కన కూర్చుండి చదువుచుండెడివాడు. కొలది వారములకు జూను మాసమున ఆమెయు గతించెను. ముప్పదియొక్క యేండ్ల క్రిందట ఆయనతో పాతపేట మెట్లెక్కిన ఇల్లాలు పరదేశమున మట్టిలో కలిసెను. అరువది దాటిన వయస్సున ఆయన ఒంటరివాడయ్యెను.

ఆ దుఃఖములో ఆయన పూనుకొన్న పనియే ఇండోరు నగరపు పని. (ఇది మన నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు కాదు, మాళవదేశమున హోల్కరు ప్రభువుల రాజధాని.) అచ్చట 1917-18 లో ఆయన నగర ప్రణాళికను తయారుచేయుటకు నియుక్తుడయ్యెను. నగరమున ప్లేగు ప్రబలియుండెను. చెత్తలోను, ధాన్యపుగదులలోను పెరిగిన ఎలుకలవలన ఆ వ్యాధి వ్యాపించుచుండెను. తెల్లని గడ్డముతో, చేతిలో పటముతో సందులు తిరుగుచున్న దొరను చూచి జనులు తలుపులు వేసికొనుచుండిరి. పటము పట్టుకొని వచ్చిన దొర ఇండ్లు పడగొట్టించునని వారి భయము. ప్లేగును తెచ్చువాడు కూడ ఆతడేయని కొందరి యనుమానము. ప్రజలు నమ్మని చోట ప్రణాళిక కాగితమై మిగులునని గెడ్డీసు ఎరుగును. ఆయన మహారాజు నొద్దకు పోయి వింతవరము కోరెను. ఒక్కదినము తనను నగరమునకు ప్రభువును చేయవలెనని ఆ కోరిక. మహారాజు అంగీకరించెను.

ఆ దినము దీపావళి. గెడ్డీసు తరువాత తానే వినిపించిన వృత్తాంతము ఇట్లున్నది. పండుగకు కొన్నాళ్లు ముందుగ నగరమంతట చాటింపు వేయించిరి. ఊరేగింపులు పోవుటకు హిందువులకొక మార్గము, ముస్లిములకొక మార్గము అచ్చట వాడుకలో నుండెను. ఈసారి ఊరేగింపు ఆ రెండింటిలో దేనిని అనుసరింపదు. ఏ వీథివారు తమ యిండ్లను ఎక్కువ శుభ్రపరచి, బాగుచేసి, చెట్లు నాటుదురో ఆ వీథులగుండనే సాగును. చెత్తను ఉచితముగ తరలించుటకు బండ్లు ఏర్పాటయ్యెను. ఇక చూడవలెను! ఊరేగింపు మా వీథికి రావలెనంటే మా వీథికి రావలెనని పేటలన్నియు పోటీపడెను. ఎవరి గుమ్మమును వారు బాగుచేసికొన్నచో చాలదు. వీథిలో ఒక్క యిల్లు మురికిగ నున్నను వీథియంతయు ఓడిపోవును. కావున మాటలు లేని పొరుగువారును పొరుగువాని యింటికి వెల్లవేయుటకు సాయపడవలసివచ్చెను. వేలకొలది బండ్ల చెత్త ఊరు దాటెను. ఎలుకలను బోనులతో పట్టిరి.

పండుగనాడు ఏనుగులు, గుఱ్ఱములు, సేనలు ముందు నడచెను. వాని వెనుక పంటల బండ్లు. పిదప పాడుపడిన యిండ్ల నమూనాలును, మురికికి ప్రతిరూపమైన భయంకర రాక్షసవిగ్రహమును, ప్లేగును సూచించు పెద్ద ఎలుకబొమ్మయు వచ్చెను. ఆ వెంటనే నడచినవారిని చూచి జనులు నివ్వెరపోయిరి. వారు వీథులూడ్చు పనివారు. తెల్లని వస్త్రములు ధరించి, క్రొత్త తలపాగలు చుట్టి, పూలతో అలంకృతులై, తలయెత్తి నడచుచుండిరి. వారి బండ్లకు, ఎద్దుల కొమ్ములకు క్రొత్తరంగులు. అదివరకు ఎవరి నీడ సోకినను తప్పుకొనిరో వారినే ఆనాడు వీథివీథినను జయజయధ్వానములతో ఎదుర్కొనిరి. నగరమును బ్రదికించు సేన వారేయని గెడ్డీసు ఆ యూరేగింపు ద్వారమున చెప్పదలచెను. ఈ యొక్క ఘట్టమునకే ఆయన పేరు మనము తలచుకొనదగినది.

వారి వెనుక రాబోవు క్రొత్త నగరపు నమూనాలు, నానావిధ చేతిపనులవారు, పండ్లతో పూలతో నిండిన తోటమాలుల బండ్లు సాగెను. అన్నింటికిని కడపట ఒక బండినిండ చిన్న మట్టికుండలు. కుండకొక తులసిమొక్క. వానిని దారిపొడవున జనులకు పంచిపెట్టిరి. చెత్త తీసిన ముంగిట ఏదో యొకటి నాటనిదే మరల చెత్తయే చేరునని తోటమాలియైన గెడ్డీసు ఎరుగును. చీకటిపడగానే మురికిరాక్షసుని, ఎలుకను దహించి, బాణసంచా కాల్చిరి. ప్లేగు తగ్గెను. ఆ ఋతువు ముగియుటయు అందుకు కొంత కారణమని గెడ్డీసే ఒప్పుకొనెను. మరునాటినుండి మాత్రము ఆయన సందులలో నడచినప్పుడు ఎవ్వరును తలుపులు మూయలేదు; పిల్లలకు ఆయనను చూపించి, ప్లేగును తరిమిన ముసలిదొర యని చెప్పుకొనసాగిరి. ఆయన ఇండోరు నివేదిక 1918 లో రెండు సంపుటములుగ వెలువడెను.

1919 నుండి కొన్ని సంవత్సరములు ఆయన బొంబాయి విశ్వవిద్యాలయమున సంఘశాస్త్రాచార్యుడుగ పనిచేసెను. జగదీశచంద్ర బోసు మహాశయుని జీవితచరిత్రమును వ్రాసి 1920 లో ప్రకటించెను. మొక్కలకును స్పందన కలదని చూపిన శాస్త్రజ్ఞుని చరిత్రను మొక్కలతో మనుష్యులను కలిపినవాడు వ్రాయుట తగియున్నది. 1925 లో పాలస్తీనాలోని టెలవీవు నగరమునకు వ్రాసి యిచ్చిన ప్రణాళికలో, ఇండ్ల సముదాయముల నడుమ అందరికిని చెందిన తోటలు ఉండవలెనని నిర్దేశించెను.

ఆరోగ్యము చెడి, 1924 లో ఆయన మన దేశమును విడిచి ఫ్రాన్సు దక్షిణభాగమున మాంపెల్యే పట్టణమును చేరియుండెను. అచ్చట ఊరిబయట రాతినేలలో వివిధ దేశముల విద్యార్థులు కలిసి నివసించుటకు ఒక విద్యాలయమును కట్ట మొదలిడెను. ఎప్పటివలెనే డబ్బు చాలలేదు. ఎప్పటివలెనే తోట పని మాత్రము నిలువలేదు. విద్యార్థులు ఉదయము పుస్తకము, సాయంకాలము పార పట్టవలసినదే. 1912 లో తనకీయబోయిన సర్ బిరుదమును ఆయన నిరాకరించియుండెను. 1932 లో మాత్రము దానిని స్వీకరించుటకై లండనుకు పోయి, చలికాలపు మంచులో నలిగి, మాంపెల్యేకు తిరిగివచ్చెను. ఆ సంవత్సరము ఏప్రిలు 17 వ తేదిన, తాను పెంచిన తోట నడుమ నున్న ఆ విద్యాలయముననే, డెబ్బదియేడవ యేట గెడ్డీసు కన్నుమూసెను. ఎడింబరో పాతపేటలో, వెస్టుపోర్టు అను వీథికి ప్రక్కగ, నోరా పథకము గీసిన మెట్లుమెట్ల చిన్నతోట యొకటి ఆయన పేరుతో నిలిచియున్నది.